కంపౌండరు గారి మార్పుల చిట్టా

ఆ పిల్లల క్లినిక్కులో మెట్ల కింద గది కంపౌండరు గారిది. కప్పు ఎంత కిందికి ఉంటుందంటే, నిటారుగా నిలబడితే తల తగులుతుంది. ముప్పై ఆరేళ్లుగా ఆయన ఆ గదిలోకి వంగి వెళ్లి, కూచుని పనిచేసి, వంగి బయటికొస్తున్నాడు. నడుము కూడా కాస్త అలాగే ఖాయమైపోయింది. ఎవరైనా "ఏంటండీ ఇలా వంగిపోయారు" అని జాలి పడితే, "గదికి కొలత పెట్టి కుట్టించుకున్నా" అనేవాడు.

ఆయన అసలు పేరు క్లినిక్కులో సగం మందికి తెలీదు. పెద్ద డాక్టరుగారి రోజుల్లో మందుసీసాలకి చీటీలు అంటించే పనిలో చేరాడు. పెద్దాయన పోయాక ఆ కుర్చీలోకి కూతురు వచ్చింది. ఆ డాక్టరమ్మ చిన్నప్పుడు గౌను వేసుకుని ఈ మెట్ల కిందే దాక్కునేది. ఇప్పుడు ఆవిడ కూడా "కంపౌండరు గారూ" అనే పిలుస్తుంది. నర్సు మాత్రం "బాబాయ్" అంటుంది. ఆవిణ్ణి ఊరంతా సిస్టరు అంటే ఈయన "అమ్మాయ్" అంటాడు. పద్దెనిమిదేళ్లుగా కలిసి పనిచేస్తుంటే ఆ మాత్రం వరస కలవదా మరి.

ఇక ఆయన పెట్టె. చచ్చిపోయిన మూడు కంప్యూటర్లను విప్పి, బతికున్న ముక్కలు ఏరి ఒక్కటి చేశాడు. దానికి మూత లేదు. పక్కన బల్లఫ్యాను తిరుగుతూ ఉంటుంది. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. అందులో నడిచే ప్రోగ్రాం ఆయన స్వహస్తాలతో రాసింది. పిల్ల పేరు, తూకం, మందు పేరు కొడితే, పూటకి ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో చీటీ అచ్చయ్యి వస్తుంది. పెద్దవాళ్ల మాట వేరు, ఒక మాత్ర అంటే ఒక మాత్ర. పిల్లలకి అలా కాదు, తూకాన్ని బట్టే మందు. చేత్తో లెక్కలు వేసే కాలంలో ఒకసారి అలిసిపోయి ఒక పసివాడికి రెండింతలు రాసేశాడు. వాడు బతికాడు, ఇప్పుడు గెడ్డాలూ మీసాలూ వచ్చి దర్జాగా తిరుగుతున్నాడు. ఈయనకి మాత్రం వారం రోజులు ముద్ద గొంతు దిగలేదు. ఆ వారంలోనే ఒట్టు పెట్టుకున్నాడు, ఇంకెప్పుడూ నా బుర్రని నమ్మనని.

అలా నలభై ఏళ్లకి దగ్గరపడ్డాక కంప్యూటరు నేర్చుకున్నాడు. నేర్పింది ఎవరంటే, లోకంలో ఏ మూలో కూచున్న ముక్కూ మొహం తెలీని మనుషులు. వాళ్లు సాఫ్ట్‌వేరు రాస్తారు, ఊరికే ఇస్తారు, పైగా లోపల ఏముందో విప్పి చూపిస్తారు. ఓపెన్ సోర్స్ అంటారు దాన్ని. వాళ్ల దగ్గర ఈయన పట్టుకున్న అలవాటు ఒకటుంది. ప్రోగ్రాంలో చుక్క మార్చినా సరే, ఎవరు మార్చారో, ఏ రోజు ఏ గంటకి మార్చారో చిట్టాలో పడుతుంది. ఎందుకు మార్చారో ఒక ముక్క రాయాలి. చాలామంది "చిన్న సవరణ" అని చేతులు దులుపుకుంటారు. ఈయన అలా కాదు. "జ్వరం మందు కొత్త సీసా చిక్కగా ఉంది, లెక్క సగానికి తగ్గించా, డాక్టరమ్మ చూసి సరే అంది" అని పూర్తిగా రాసేవాడు. పాతికేళ్ల చిట్టా అది. అందులో ఒక్క అబద్ధం లేదు.

"ఇందులో దాపరికం ఏమీ లేదు, ఎవరైనా చూడొచ్చు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. చూడొచ్చు, నిజమే. చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. తలుపు తెరిచి పెట్టడం వేరు, పిలిచి కూచోబెట్టడం వేరు. ఆ రెండో పని ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. ఇది నేను అంటున్న మాట కాదు, తర్వాత ఆయనే అన్నాడు.

ప్రతి సోమవారం మూడు గంటలకి ఒక కంపెనీ మనిషి వచ్చేవాడు. మెడకి టై, చేతిలో పలచటి కంప్యూటరు, మాటకి ముందు "సార్". సిస్టరు అతనికి టై బాబు అని పేరు పెట్టింది. క్లినిక్కులకి తయారుచేసిన సాఫ్ట్‌వేరు అమ్ముతాడు. డాక్టరమ్మ కాదనదు, ఔననదు. కంపౌండరు గారు మాత్రం మొహం మీదే అనేవాడు: "మూతికి సీలు వేసిన కుండ తెచ్చి, లోపల ఏముందో అడక్కుండా తాగమంటావేంటయ్యా?"

టై బాబు నవ్వేవాడు. ఒకసారి మాత్రం, "మీరున్నంత వరకు ఇబ్బంది లేదు సార్. మీ తర్వాత ఎవరు?" అన్నాడు. ఆ మాట చెవిలో జోరీగలా ఉండిపోయింది.

ఒక బుధవారం పదకొండింటికి ఎదుటి వీధి దర్జీ పరుగున వచ్చాడు. భుజం మీద నాలుగేళ్ల కూతురు వడలిపోయి ఉంది. ఆ పిల్లకి మూర్ఛ. ఏడాదిన్నరగా మందు పడుతోంది, ఏడాదిన్నరగా మళ్లీ రాలేదు. ఆ పొద్దున రెండుసార్లు వచ్చింది.

"మందు మానేశావా?" అని కసిరాడు కంపౌండరు గారు.

"ఒక్క పూట మానలేదు బాబుగారూ. సోమవారం మీరిచ్చిన చీటీ ప్రకారమే పడుతున్నా." దర్జీ మెడలో కొలతటేపు ఇంకా వేలాడుతూనే ఉంది, తీయడం కూడా మర్చిపోయి వచ్చాడు.

చీటీ చూశాడు. పూటకి 3.2 మిల్లీలీటర్లు. పద్నాలుగు కిలోల పిల్లకి ఏడు పడాలి. 

సిస్టరు సోమ, మంగళవారాలు సెలవులో ఉంది. ఆ పొద్దునే వచ్చింది. చీటీ అందుకుని చూసింది. తన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, అందులో చూసి, ఏడు మిల్లీలీటర్లు కొలిచి పిల్లకి పట్టింది. ఆ పుస్తకం ఎప్పట్నుంచి మోస్తోందో ఆయనకి అడగాలని తోచలేదు. డాక్టరమ్మ పిల్లని పైన గదిలో పడుకోబెట్టించింది.

ఆయన వంగి గదిలోకి దూరి ప్రోగ్రాం తెరిచాడు. తూకం లెక్కలో కొత్త వరస ఒకటి ఉంది. వచ్చిన తూకాన్ని సగానికన్నా కాస్త తక్కువ చేస్తోంది. తూకం కిలోల్లో కాదు, కిలోకి రెండుకి పైన వచ్చే పౌన్లలో ఉందనుకున్నవాడు రాసే వరస అది. తీసేశాడు, పది తూకాలు వేసి పరీక్షించాడు, సరిపోయింది. అప్పుడు చిట్టా చూశాడు. పైనే ఉంది. సోమవారం, మూడు గంటల పది నిమిషాలు. "తూకం పౌన్లలో చూపిస్తోంది. కిలోల్లోకి మార్చా." మార్చినవారి పేరు దగ్గర తన పేరే ఉంది.

నా పేరు పెట్టుకుని ఎవడో దూరాడు! చెవులు ఎర్రగా కాలిపోయాయి. సోమవారం మూడింటికి ఈ గది ముందు బెంచీ మీద కూచునేది ఎవడు? చెప్పాలా?

ముందు పిల్లల సంగతి చూసుకున్నాడు, అది ఒప్పుకోవాలి. సోమవారం మూడు నుంచి అచ్చైన చీటీలు పంతొమ్మిది. పంతొమ్మిది ఇళ్లకీ తనే ఫోను చేశాడు. ఒక తల్లి ఏడ్చింది, ఒక తండ్రి బూతులు తిట్టాడు. తిట్టించుకున్నాడు, పడ్డాడు, సరైన కొలత రాయించాడు. తర్వాత పాస్‌వర్డు మార్చి, చిట్టాలో ఆ సంగతీ రాసి, ఇంటికెళ్లాడు.

భోజనం దగ్గర భార్యకి చెప్పాడు. "ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. వీడు ఇంటివాడు కాదుగా, నేను పడతా."

ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "ఒకసారి మంచి డాక్టరుకి చూపించుకుందామండీ" అంది.

"ఎవర్ని?"

"మీకు కళ్లు తిరుగుతున్నాయన్నారుగా," అని నీళ్లు నమిలి, మజ్జిగ వడ్డించింది. కళ్లు తిరుగుతున్నాయని ఆయన ఎప్పుడన్నాడో ఆయనకి గుర్తు లేదు. ఆడవాళ్ల బెంగ అనుకుని తిని లేచాడు.

మళ్లీ సోమవారం దాకా కాచుకున్నాడు. ఆ వారమంతా క్లినిక్కులో ఏదో తేడాగా ఉంది. ఆయన చీటీ కిటికీలోంచి ఇస్తే, అది తిన్నగా తల్లుల చేతికి పోవడం లేదు. మధ్యలో సిస్టరు చెయ్యి వస్తోంది. చూస్తుంది, పెదాలు కదుపుతుంది, అప్పుడు ఇస్తుంది. ఆయన గుమ్మం దగ్గరికి వస్తే డాక్టరమ్మ మాట ఆపేస్తోంది. నన్ను తీసేసి కంపెనీవాణ్ణి పెట్టుకుంటారన్న మాట, అందరూ కలిసే ఆడుతున్నారన్న మాట అనుకున్నాడు. పైన గదిలో దర్జీ కూతురు ఉంది. మధ్యలో ఇంకోసారి మూర్ఛ వచ్చింది. లేచాక ఎడమచెయ్యి సరిగ్గా ఎత్తలేకపోతోంది. రేపో మాపో తగ్గుతుందని డాక్టరమ్మ అంటోంది, కానీ దర్జీ కళ్లలోకి చూసి అనడం లేదు.

సోమవారం మూడింటికి టై బాబు వచ్చి బెంచీ మీద కూచోబోయాడు. కంపౌండరు గారు గదిలోంచి ఎంత వడిగా వచ్చాడంటే, కప్పుకి తల ఠంగుమని కొట్టుకుంది. ఆ నొప్పి కూడా అతని మీదే చూపించాడు.

"నా పాస్‌వర్డు నీకెవరు చెప్పారు?"

బెంచీల మీద పిల్లలు, తల్లులు. అందరూ చూస్తున్నారు. టై బాబు లేచి నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడని చూశాడు ఈయన. అతను తడుముకోలేదు. జాలిగా చూశాడు, అది ఇంకా మండింది.

"సార్, పోయిన నెల కూడా మీరు ఇదే అడిగారు."

"నేనా?"

"ఇక్కడే సార్. ఇదే మాట. తర్వాత మీరే టీ తెప్పించి, పొరపాటైంది బాబూ, మనసులో పెట్టుకోకన్నారు."

"అబద్ధాలాడితే పళ్లు రాలతాయి" అంటూ సిస్టరు వైపు తిరిగాడు. "చెప్పమ్మాయ్, నేనన్నానా?"

సిస్టరు నేలచూపులు చూసింది. ఎవరి పిల్లాడో దగ్గాడు. 

ఆయన మళ్లీ వంగి గదిలోకి వెళ్లాడు. చిట్టా తెరిచాడు. ఇంతకుముందు పైవరస ఒక్కటే చూసి వదిలేశాడు, కోపం వచ్చినవాడు కిందికి చదవడు కదా. ఇప్పుడు కిందికి చదివాడు.

"ఎవరో పౌన్లనుకుని లెక్క మార్చారు. తీసేశా. పాస్‌వర్డు మార్చా. ఆ కంపెనీవాడి మీద అనుమానం." ఇది పోయిన వారం రాసింది. గుర్తుంది. దాని కింద సోమవారం నాటి పౌన్ల మార్పు. దాని కింద, అంతకు పదకొండు రోజుల ముందు తేదీతో, "ఎవరో పౌన్లనుకుని లెక్క మార్చారు. తీసేశా. పాస్‌వర్డు మార్చా. ఆ కంపెనీవాడి మీద అనుమానం." దాని కింద మళ్లీ పౌన్ల మార్పు. ఇంకా కిందికి పోతే, అంతకు మూడు వారాల ముందు అదే జంట. అంతకు రెండు నెలల ముందు అదే జంట. మార్చిందీ తన పేరే, తీసేసిందీ తన పేరే. నాలుగుసార్లూ అవే మాటలు, అక్షరం పొల్లుపోకుండా. పైకి వచ్చేకొద్దీ తేదీల మధ్య ఎడం తగ్గిపోతోంది.

ఆ పౌన్ల వాక్యం ఎక్కడో చూసినట్టుందని వెతికాడు. దొరికింది. పంతొమ్మిదేళ్ల కిందటి తేదీ. అప్పట్లో ఎవరో దానమిచ్చిన తూకం యంత్రం పౌన్లలో చూపించేది. దాని కోసం తనే మొదటిసారి రాసిన మార్పు అది. ఆ యంత్రం తుక్కులోకి పోయి పద్నాలుగేళ్లైంది. మధ్యాహ్నం పూట ఎప్పుడో, ఈ కుర్చీలోనే కూచుని, ఆ యంత్రం ఇంకా ఉందనుకుని తన చేతులే ఈ పని చేశాయి. బుద్ధి మాత్రం ఎక్కడికో పోయింది.

 భయం అంటే ఏంటో ఆయనకి అప్పుడు తెలిసింది. బయటి దొంగైతే తలుపేసుకోవచ్చు. ఈ దొంగ దగ్గర అన్ని తాళాలూ ఉన్నాయి.

సిస్టరు గుమ్మంలో వంగి నిలబడింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మూడు నెలలు దాటింది బాబాయ్. అప్పట్నుంచి ప్రతి చీటీ చూసే ఇస్తున్నా. ఆ రెండు రోజులే లేను."

"డాక్టరమ్మకి?"

"చెప్పా."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా? నేనేం చచ్చానా?"

సిస్టరు ఏడుపు ఆపుకుంది. "చెప్పాం బాబాయ్. రెండుసార్లు చెప్పాం."



డాక్టరమ్మ ఆ సాయంత్రం ఆయన్ని పైకి పిలిపించింది. కుర్చీ వేసింది, ఎదురుగా టై బాబు కూడా ఉన్నాడు. "తప్పు నాదండీ. మీ మనసు కష్టపెట్టలేక నాన్చాను. ఆ పిల్ల చెయ్యి చూస్తుంటే నిద్ర పట్టడం లేదు. నెలాఖరుకి వీళ్లది పెట్టించేద్దాం" అంది.

ఆయన టై బాబు వైపు తిరిగాడు. ఈసారి కోపం లేదు. "బాబూ, నీదాంట్లో తూకం లెక్క ఎక్కడుందో ఒక్కసారి చూపించు."

"చూపించడానికి కుదరదు సార్. నాకే తెలీదు. అది పై ఆఫీసులో ఉంటుంది."

"లెక్క తప్పైతే?"

"ఫిర్యాదు పెడితే రెండు మూడు పనిదినాల్లో చూస్తారు."

"ఆ రెండు మూడు రోజులూ పిల్లకి ఎంత పోయాలి?"

టై బాబు బాగా ఆలోచించాడు. నిజాయితీ ఉన్న మనిషి, అందుకే పలచటి కంప్యూటరు మూత దించేశాడు.

"చూడమ్మా," అన్నాడు కంపౌండరు గారు డాక్టరమ్మతో. "అక్కడ దొంగ ఉన్నాడో లేడో మనకి తెలీదు. ఇక్కడ ఉన్నాడని తెలుసు, ఎవరో కూడా తెలుసు. వాడు ఎన్నిసార్లు దూరాడో గంటల్తో సహా రాసిపెట్టి ఉంది. పెట్టెని ఉంచు, దొంగని వెళ్లగొట్టు. పాతికేళ్లు అందరూ చూడొచ్చు చూడొచ్చని గొప్పలు పోయాను గానీ, ఒక్కర్ని పిలిచి కూచోబెట్టలేదు. సిస్టరుకి నేర్పుతా. నాకు ఎంత టైముందో తెలీదు, ఆలస్యం చెయ్యొద్దు."

"నాకా? నాకు ఫోన్లో బొమ్మలు పంపడమే సరిగ్గా రాదు" అని సిస్టరు ముక్కున వేలేసుకుంది.

"ఈ ముసలాడి చీటీల్ని మూడు నెలలు కనిపెట్టి కాపాడావు. అంతకన్నా కష్టం కాదులే."

నేర్పాడు. రోజూ పన్నెండు నుంచి ఒంటిగంట దాకా, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు నేర్పాడు. కొన్ని రోజులు నిన్న చెప్పిన పాఠమే మళ్లీ మొదటినుంచి చెప్పేవాడు. అవే ఉదాహరణలు, అవే జోకులు. సిస్టరు మొదటిసారి విన్నట్టే నవ్వేది. ఒకరోజు పాఠం మధ్యలో ఆగి, "అమ్మాయ్, ఇది చెప్పేశానా?" అన్నాడు. "లేదు బాబాయ్, చెప్పండి" అంది. ఆమెకి బలం ఆ చిట్టా. ఏ వరస చూసినా, అది ఎందుకుందో పాతికేళ్ల కిందటి కంపౌండరు పక్కన కూచుని చెప్తున్నట్టే ఉంది. ఆ కంపౌండరుకి అన్నీ గుర్తున్నాయి.

ఆరో వారం చివర ప్రోగ్రాం తాళాలు, అంటే పాస్‌వర్డులు, సిస్టరు పేరు మీదకి మార్చాడు. ఏ మార్పైనా ఇక ఆమె రాయాలి, డాక్టరమ్మ ఒప్పుకోవాలి. తన పేరు తీసేసే ముందు, ఎందుకు తీసేస్తున్నాడో చిట్టాలో రాయాలి కదా. చాలాసేపు రాశాడు. సిస్టరుని బయటికి పొమ్మన్నాడు. తర్వాత పిలిచి, "నేను అడిగినప్పుడు ఇది చూపించు. అడుగుతాను" అన్నాడు.  మీట నొక్కింది ఆయనే.

దర్జీ కూతురు ఇంటికెళ్లిపోయింది. మూర్ఛ మళ్లీ రాలేదు. ఎడమచేత్తో చెంచా పట్టుకుంటోంది గానీ, గ్లాసు ఇంకా జారిపోతోంది.

నాలుగు నెలలైంది. కంపౌండరు గారు రోజూ వస్తూనే ఉన్నాడు. డాక్టరమ్మ రానివ్వమంది, ఇంట్లో ఉంటే భార్య పట్టలేకపోతోంది. కిటికీ దగ్గర కూచుని సీసాలు తుడిచి వరసగా పెడతాడు. పిల్లల్ని నవ్విస్తాడు. ఒక మధ్యాహ్నం గదిలోంచి కేక వినబడింది.

"అమ్మాయ్! ఇది తెరుచుకోవడం లేదు. ఎవడో నన్ను బయట పెట్టాడు. తూకం పౌన్లలో చూపిస్తోంది, కిలోల్లోకి మార్చాలి. పిల్లలకి రెండింతలు పోతుందే, తొందరగా రా!"

సిస్టరు వచ్చింది. వాదించలేదు. చిట్టా తెరిచి, ఆయన రాసింది పెద్ద అక్షరాల్లో పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని పైకే చదివాడు.

"కంపౌండరు పేరు తీసేశా. అతనికి మతి తప్పుతోంది. తూకం పౌన్లలో ఉందంటాడు, నమ్మొద్దు. కోప్పడతాడు, ఇవ్వొద్దు. ఏడుస్తాడు, అప్పుడూ ఇవ్వొద్దు. అతని వల్ల ఒక పిల్ల చెయ్యి పోయినంత పనైంది. ఇంకో పిల్ల దాకా రానివ్వొద్దు."

చదవడం అయ్యాక మళ్లీ మొదటినుంచి చదివాడు. చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి. సిస్టరు వైపు తిరిగి, పిల్లల తరఫున పోట్లాటకి వచ్చినవాడిలా గొంతు పెంచాడు.

"ఇంత జరిగాక కూడా ఆ కంపౌండరుని ఇంకా పనిలో ఉంచుకున్నారా?"